బంకర్ వెనక వైపు కూడా చూడండి

అండమాన్‌లోని పోర్ట్ బ్లెయిర్ సముద్రం ఒడ్డున, రెండో ప్రపంచ యుద్ధంలో జపాన్ వాళ్లు కట్టిన బంకర్ల గురించి పోయిన నెల ఒకరు అడిగితే ఈ శీర్షికలో నాలుగు మాటలు రాశాను. వాటి మీద ఇన్ని ఉత్తరాలు వస్తాయనుకోలేదు. అందుకే ఈసారి చోటంతా వాటికే ఇస్తున్నాను. నాకు అది పుట్టినూరు. మా నాన్న సోంపేట వైపు నుంచి వలలు భుజాన వేసుకుని ఓడెక్కి ఆ ఊళ్లోని జంగ్లీఘాట్ చేరారు. నేను అక్కడే తెలుగు మీడియంలో చదువుకుని, అక్కడే ముప్పై ఏళ్లు సోషల్ చెప్పి, రిటైరయ్యాక విశాఖ వచ్చాను. ఊరి పేరును 2024లో శ్రీ విజయపురంగా మార్చారు. నాకు అలవాటైన పేరుతోనే రాస్తున్నాను.

*టీచర్ గారూ, సంక్రాంతి సెలవులకి అండమాన్ వెళ్తున్నాం. మా మామగారికి 74 ఏళ్లు, మోకాళ్ల నొప్పులు. మిలిటరీలో చేసి వచ్చారు, బంకర్లు చూడాల్సిందేనని పట్టు. ఎక్కువ నడవకుండా చూడగలిగేవి ఉన్నాయా?*
*— ఒక కోడలు, గాజువాక*

ఉన్నాయమ్మా, ఆయన్ని తప్పకుండా తీసుకెళ్లండి. ఊళ్లోంచి కార్బిన్స్ కోవ్ బీచ్‌కి వెళ్లే రోడ్డు సముద్రాన్ని ఒరుసుకుంటూ పోతుంది. ఆ దారిలోనూ, బీచ్ దగ్గరా బంకర్లు రోడ్డు పక్కనే కనిపిస్తాయి. ఆటో ఆపించి దిగితే చాలు. బయటి నుంచి చూస్తే బూజు పట్టి నల్లబడిన కాంక్రీటు దిమ్మ, అంతే. చాలామంది ఒక ఫొటో తీసుకుని వెళ్లిపోతారు. మీరు అలా వెళ్లిపోకండి. లోపల శుభ్రంగా ఉన్నదాన్ని చూసుకుని, మామగారికి ఓపికుంటే నడుం వంచి ఒక్కసారి లోపలికి వెళ్లనివ్వండి.

లోపలికి అడుగు పెట్టగానే ఎండ తెగిపోతుంది. తడి సున్నం వాసన, దాని వెనకే గబ్బిలాల వాసన. నిటారుగా నిలబడదామంటే కప్పు తలకి తగులుతుంది. ఎదురు గోడలో జానెడు ఎత్తున అడ్డంగా ఒక సందు. తుపాకీ పెట్టేది అందులోంచే. సముద్రమంతా ఆ సందులో ఒక నీలం రిబ్బన్‌లా కనిపిస్తుంది. గోడ మీద చెయ్యి పెట్టి చూడండి. కాంక్రీటు పోసినప్పుడు కట్టిన చెక్కల అచ్చు గీతలు గీతలుగా వేళ్లకి తగులుతుంది. కొన్నిచోట్ల లోపలి ఇనుప చువ్వ బయటపడి, ఎర్రటి పొరలుగా రాలిపోతూ ఉంటుంది. ఉప్పుగాలి లోపలికి దిగి చువ్వకి తుప్పు పడుతుంది, తుప్పు పట్టిన ఇనుము ఉబ్బుతుంది, ఉబ్బి చుట్టూ ఉన్న కాంక్రీటుని పగలగొడుతుంది. ఏ బాంబూ పగలగొట్టని గోడల్ని ఎనభై ఏళ్లుగా ఈ గాలే పగలగొడుతోంది.

రెండో చోటు రాస్ ఐలాండ్. 2018 నుంచి దాని పేరు నేతాజీ సుభాష్ చంద్రబోస్ ద్వీపం. అబర్డీన్ జెట్టీ నుంచి పడవలో కాసేపటి ప్రయాణం. దిగగానే జెట్టీ దగ్గరే జపాన్ బంకర్ ఉంది, మామగారు అంతవరకూ హాయిగా నడవగలరు. పైన బ్రిటిష్ వాళ్ల చర్చి, బంగళాలు మర్రి ఊడల మధ్య ఇరుక్కుపోయి ఉన్నాయి. అవీ చూడాలంటే పెద్దవాళ్ల కోసం బ్యాటరీ బండి తిరుగుతుంటుంది, జెట్టీలో అడగండి. వారంలో ఒకరోజు ద్వీపం మూసి ఉంచుతారు కాబట్టి టికెట్ తీసుకునే ముందే కనుక్కోండి.

ఇంకో రెండు మాటలు. జనవరిలో అక్కడ సాయంత్రం ఐదున్నరకల్లా చీకటి పడిపోతుంది. మన విశాఖ లెక్కన నాలుగింటికి బయల్దేరితే ఏమీ కనపడదు, పొద్దున్నే వెళ్లండి. టార్చ్ పట్టుకెళ్లండి, చెప్పులు కాకుండా బూట్లు వేసుకోండి. చీకటి మూలల్లో చెయ్యి పెట్టొద్దు. అండమాన్ జెర్రి మన పెరట్లో జెర్రి లాంటిది కాదు, కుడితే పెద్దవాళ్లు కూడా ఏడ్చేస్తారు.

*మేడమ్, నేను డిగ్రీ సెకండియర్ చదువుతున్నాను. ఈ బంకర్లు ఎవరి మీద పోరాడటానికి కట్టారు? వీటి దగ్గర ఎప్పుడైనా యుద్ధం జరిగిందా?*
*— ఒక విద్యార్థి, రాజమహేంద్రవరం*

మంచి ప్రశ్న బాబూ. టూరిస్టు బోర్డుల మీద ఉండని సంగతి ఇదే.

1942 మార్చి 8న రంగూన్ పడిపోయింది. ఆ తర్వాత అండమాన్‌ని నిలబెట్టుకోలేమని బ్రిటిష్ వాళ్లకి అర్థమై, ఉన్న కాస్త సైన్యాన్నీ ఓడెక్కించి పంపేశారు. మార్చి 23న జపాన్ సైన్యం దిగేటప్పటికి ఎదురు నిలిచేవాళ్లు లేరు. ఊరు ఒక్క పూటలో చేతులు మారింది. అప్పటినుంచి 1945 అక్టోబరు దాకా, మూడున్నరేళ్లు, ఆ దీవులు జపాన్ చేతిలో ఉన్నాయి.

తీసుకున్నంత తేలిగ్గా నిలబెట్టుకోలేమని వాళ్లకీ తెలుసు. బ్రిటిష్ వాళ్లు సముద్రం మీద నుంచి తిరిగి వస్తారని ఎదురుచూస్తూ ఒడ్డు పొడుగునా ఈ బంకర్లు కట్టారు. ఆ భయానికి కారణం కూడా ఉంది. అండమాన్ మీద సేనల్ని దింపాలని మిత్రరాజ్యాలు నిజంగానే పథకం వేశాయి. దానికి 'బకనీర్' అని పేరు కూడా పెట్టి 1943 నవంబరులో కైరో సమావేశంలో మాట్లాడుకున్నారు. సేనల్ని ఒడ్డుకు దించే పడవలు యూరప్‌లో కావాల్సి రావడంతో డిసెంబరులో రద్దు చేసేశారు. 1944 జూన్ 21న 'ఇలస్ట్రియస్' అనే బ్రిటిష్ విమానవాహక నౌక మీంచి వచ్చిన విమానాలు పోర్ట్ బ్లెయిర్ మీద బాంబులు వేశాయి. 1945 ఏప్రిల్ ఆఖరులో యుద్ధనౌకలు దూరం నుంచే గుండ్లు కురిపించాయి. అంతే. ఆ సందుల్లోంచి తుపాకులు గురిపెట్టి ఎదురుచూసిన సైన్యం ఒడ్డుకి రానేలేదు. ఆఖరికి వచ్చినది జపాన్ లొంగిపోయాక, సంతకాలు పెట్టించుకోవడానికి.

మరి యుద్ధం జరగలేదా అంటే, జరిగింది బాబూ. బంకర్ ముందు కాదు, వెనక జరిగింది. తుపాకీ సందుకి కన్ను ఆనించి సముద్రం చూడటం అందరూ చేసే పనే. ఒక్కసారి వెనక్కి తిరిగి, దూరి వచ్చిన గుమ్మంలోంచి చూడు. రోడ్డు, కొబ్బరిచెట్లు, కొండ మీద ఇళ్లు. మూడున్నరేళ్లు నలిగిపోయిన ఊరు అది.

బంకర్లు కట్టడానికి రాయీ ఇసకా మోసింది ఊరి జనం, వెట్టి చాకిరీ. ఇవాళ విమానం దిగే రన్‌వే మొదట వేసిందీ అలాగే. బయట నుంచి ఓడలు రాకుండా మిత్రరాజ్యాలు కట్టడి చేసేసరికి బియ్యం రావడం ఆగిపోయింది. దీవి జనానికీ ఆకలే, సైనికులకీ ఆకలే. కానీ తుపాకీ ఉన్నవాడు ముందు తింటాడు. బ్రిటిష్ వాళ్లకి గూఢచారులనే అనుమానంతో వందల మందిని పట్టుకెళ్లి సెల్యులార్ జైల్లో పెట్టి చిత్రహింసలు పెట్టారు. 1944 జనవరి 30న 44 మందిని హంఫ్రీగంజ్ అనే చోటికి తీసుకెళ్లి కాల్చేసి, అక్కడే గుంతలో పూడ్చారు. వాళ్లలో ఎక్కువమంది ఇండియన్ ఇండిపెండెన్స్ లీగ్ సభ్యులు, అంటే స్వాతంత్ర్యం కోసం జపాన్‌ని నమ్మి చేరినవాళ్లే. యుద్ధం ముగియబోతుండగా, 1945 ఆగస్టులో, తిండి పెట్టలేని వందల మందిని ఓడెక్కించి, కొత్త చోట సాగు చేసుకోమని చెప్పి, హావ్‌లాక్ దీవి దగ్గర సముద్రంలోకి తోసేశారు. బతికినవాళ్లని వేళ్ల మీద లెక్కపెట్టొచ్చు. ఇప్పుడు మనవాళ్లు హనీమూన్‌కి వెళ్లే హావ్‌లాక్ అదే.

నువ్వు వెళ్తే హంఫ్రీగంజ్ తప్పకుండా చూడు. బలిదాన్ వేది అంటే ఆటోవాళ్లకి తెలుసు. బీచ్ ఉండదు, కొబ్బరిబోండాలు ఉండవు. ఒక రాతి ఫలకం మీద 44 పేర్లు ఉంటాయి. మా పిల్లల్ని ఏడాదికోసారి తీసుకెళ్లేదాన్ని. బంకర్ దగ్గర అరుపులు, కేకలు పెట్టే పిల్లలు అక్కడ ఒక్కొక్క పేరూ పైకి చదివేవాళ్లు. హిందూ, ముస్లిం, సిక్కు, క్రైస్తవ పేర్లు కలగలిసి ఉంటాయి. ఎవరూ చదవమని చెప్పక్కర్లేదు, వాళ్లంతట వాళ్లే మొదలుపెట్టేవారు.

*మా ఇంట్లో పెద్ద గొడవ. నేతాజీ 1943లో అండమాన్‌లో జెండా ఎగరేశారు కాబట్టి జపాన్ వాళ్లు మనకి స్నేహితులే, బంకర్లు మన కాపలాకే కట్టారు అంటారు మా నాన్నగారు. మీరు రాసింది చదివి ఆయనకి కోపం వచ్చింది. నేనేం చెప్పాలి?*
*— ఒక పాఠకుడు, వరంగల్*

మీ నాన్నగారికి ముందుగా నా నమస్కారం చెప్పండి. నేతాజీ అంటే నాకూ అంతే భక్తి. 1943 డిసెంబరు 30న ఆయన జెండా ఎగరేసిన మైదానం పక్కనుంచే నేను రోజూ స్కూలుకి నడిచేదాన్ని. భారత నేల మీద ఆయన త్రివర్ణ పతాకం ఎగరేసిన చోటు అది. అండమాన్‌కి షహీద్ అని, నికోబార్‌కి స్వరాజ్ అని పేర్లు పెట్టారు. అది మనం మర్చిపోకూడని రోజు, ఎవరూ కాదనరు.

కానీ అదే రోజున అదే ఊళ్లో డాక్టర్ దివాన్ సింగ్ సెల్యులార్ జైల్లో ఉన్నారు. ఆయన వైద్యుడు, పంజాబీ కవి, ఇండిపెండెన్స్ లీగ్ స్థానిక అధ్యక్షుడిగా పనిచేసిన మనిషి. జనం మీద దౌర్జన్యాల్ని అడ్డుకుంటున్నాడని జపాన్ వాళ్లు ఆయన్ని గూఢచారి అన్నారు. వారాల తరబడి హింసించారు. నేతాజీ వెళ్లిన రెండు వారాలకి, 1944 జనవరి 14న, దివాన్ సింగ్ ప్రాణం పోయింది. నేతాజీ అక్కడున్న మూడు రోజులూ ఆయన చుట్టూ జపాన్ అధికారులే ఉన్నారు, జైల్లో ఏం జరుగుతోందో ఆయన దాకా రానివ్వలేదు. దీవుల్ని ఆజాద్ హింద్ ప్రభుత్వానికి అప్పగించామని ప్రకటించారే గానీ, గవర్నరుగా వచ్చిన లోగనాథన్ గారి చేతికి నిజంగా ఇచ్చింది ఒక్క విద్యాశాఖ. పోలీసులూ, జైలూ, బంకర్లూ అన్నీ జపాన్ నౌకాదళం చేతిలోనే ఉండిపోయాయి.

ఈ రెండు మాటలూ నిజమే. రెండూ ఒకే వారంలో, ఒకే ఊళ్లో జరిగాయి. నాన్నగారితో వాదించకండి. వీలైతే ఆయన్ని తీసుకెళ్లి పొద్దున జెండా ఎగరేసిన చోటు, సాయంత్రం హంఫ్రీగంజ్ చూపించండి. తిరిగొచ్చాక ఆయన నాకు ఉత్తరం రాస్తే చాలా సంతోషిస్తాను.

*మా తాతమ్మ కాకినాడ మీద బాంబులు పడ్డ రోజు గురించి చెప్పేది. వాటికీ అండమాన్‌కీ ఏమైనా సంబంధం ఉందా?*
*— ఒక పాఠకురాలు, కాకినాడ*

మీ తాతమ్మ చెప్పింది 1942 ఏప్రిల్ 6 గురించి. ఆ రోజు 'ర్యూజో' అనే జపాన్ విమానవాహక నౌక మీంచి వచ్చిన విమానాలు ఇటు కాకినాడ మీద, అటు విశాఖ మీద బాంబులు వేశాయి. తేదీలు పక్కపక్కన పెట్టి చూడండి. పోర్ట్ బ్లెయిర్ పడింది మార్చి 23న. సరిగ్గా రెండు వారాలు. అండమాన్ చేజిక్కడంతో బంగాళాఖాతంలో జపాన్ నౌకలకి అడ్డు లేకుండా పోయింది. విశాఖలో జనం మూటాముల్లే కట్టుకుని పల్లెలకి పారిపోయారు. మా అత్తగారి వాళ్లు అప్పుడు చోడవరం వైపు బండి కట్టుకుని వెళ్లి, నెలల తర్వాత గానీ తిరిగి రాలేదట. ఇంటి తాళంచెవి ఆవిడ చనిపోయేదాకా కొంగుకే కట్టుకుని ఉండేవారు.

విశాఖలో కోస్టల్ బ్యాటరీ, జాలరిపేట వైపు ఒడ్డున కాంక్రీటు పిల్‌బాక్సులు, అంటే చిన్న బంకర్లు, ఇప్పటికీ ఉన్నాయి. సముద్రం ఇసక కోసినప్పుడు బయటపడతాయి, ఇసక తెచ్చి పోసినప్పుడు సగం మునుగుతాయి. వాటిని కట్టింది బ్రిటిష్ వాళ్లు, జపాన్ వస్తుందన్న భయంతో. అండమాన్‌వి జపాన్ కట్టినవి, బ్రిటిష్ వాళ్లు వస్తారన్న భయంతో. ఒక్క బంగాళాఖాతానికి చెరో వైపునా ఒకేలాంటి దిమ్మలు, ఒకేలాంటి సందు. నేను రోజూ పొద్దున బీచ్‌లో నడిచేటప్పుడు మనవాటి మీద ఆరేసిన వలలు చూస్తుంటాను. అండమాన్ దాకా వెళ్లలేని పాఠకులు ముందు వీటిని చూడండి. వీటికి ఒక చిన్న బోర్డు పెట్టించాలని నాకు ఎప్పటినుంచో కోరిక.

*పోయినేడు మమ్మల్ని తీసుకెళ్లిన ట్రావెల్స్ గైడు అవి బ్రిటిష్ బంకర్లని చెప్పాడు. గోడల మీద ప్రేమజంటల పేర్లు చెక్కి ఉన్నాయి. ఎవరూ పట్టించుకోరా?*
*— ఒక పాఠకుడు, గుంటూరు*

ఒడ్డున మీరు చూసినవి జపాన్ వాళ్లు కట్టినవే. పేర్లు చెక్కిన గోడలు చూస్తే నాకు కూడా కడుపు మండుతుంది. ఒక్కోసారి ఆ పేర్లు మన తెలుగు అక్షరాల్లోనే ఉంటాయి. ఆ గీతల్లోంచే ఉప్పునీరు లోపలికి దిగుతుంది. పిల్లలతో వెళ్లేవాళ్లు దయచేసి మేకులూ తాళంచెవులూ వాళ్ల చేతికి ఇవ్వకండి. చాథమ్ రంపపు మిల్లులో కూడా అంతే, అక్కడ యుద్ధకాలంలో బాంబు పడ్డ పెద్ద గుంత ఉంది, అందులో చిప్స్ ప్యాకెట్లు తేలుతుండేవి. 1883 నాటి మిల్లు అది, ఇప్పటికీ పనిచేస్తోంది. ఆదివారం సెలవు.

*టీచర్ గారూ, మీరు అక్కడే పెరిగారు కదా. చిన్నప్పుడు ఆ బంకర్లలో ఆడుకునేవారా?*
*— ఒక ఎనిమిదో తరగతి పాప, పార్వతీపురం*

ఆడుకునేవాళ్లం తల్లీ. దాగుడుమూతలకి అంతకన్నా మంచి చోటు లేదు. ఆదివారం నాన్న చేపలు అమ్మి వచ్చేలోపు అన్నయ్యా నేనూ సైకిల్ మీద అక్కడికి పోయేవాళ్లం.

మా వీధి చివర ఒక తాతగారు ఉండేవారు. వాళ్లది 'ప్రీ ఫార్టీటూ' కుటుంబం. 1942కి ముందు నుంచీ ఆ దీవిలో ఉన్నవాళ్లని అక్కడ అలాగే అంటారు. మాకు తెలుగు, ఆయనకి హిందుస్తానీ. మా నాన్న దగ్గర చేపలు కొని, డబ్బులతో పాటు మా చేతిలో ఒక బొప్పాయి పెట్టేవారు. ఒకరోజు ఆయన్ని కూడా మాతో రమ్మన్నాం. బంకర్ దాకా వచ్చారు. మేం లోపలికి దూరాం. ఆయన రాలేదు. బయట రాయి మీద, బంకర్‌కి వీపు పెట్టి, ఊరి వైపు తిరిగి కూర్చున్నారు.

అన్నయ్య సందులోంచి "తాతా, లోపల చల్లగా ఉంది, రా" అని పిలిచాడు. ఆయన అటే చూస్తూ, అప్పుడు తనకి పదేళ్లని చెప్పారు. జపాన్ టైమ్‌లో నాన్నతో పాటు ఇక్కడికి ఇసక మోయడానికి తెచ్చారట. బుట్ట నెత్తి మీద పెట్టుకుంటే తడి ఇసక నీళ్లు కళ్లలోకి కారేవట. తుడుచుకోవడానికి బుట్ట దించితే కర్ర దెబ్బ. ఒకరోజు వాళ్ల నాన్న తన బుట్ట మోస్తూనే ఒక చేత్తో కొడుకు కళ్లు తుడిచారు. ఆ చేతి మీద పడ్డ దెబ్బకి వేళ్లు రెండు మళ్లీ సరిగా ముడుచుకోలేదట.

మేం బయటికి వచ్చేశాం. ఆయన అన్నయ్య చెయ్యి పట్టుకుని లేచి, ఇంటి దాకా మాతో నడిచారు. ఆ బంకర్ ఇంకా ఉంది. ఊళ్లోంచి కార్బిన్స్ కోవ్‌కి వెళ్లేటప్పుడు ఎడమ చేతి వైపు, సముద్రం పక్కన.